నేపుల్స్ నుంచి బ్రూస్‌పేటకు



ఇటలీలో నేను చదివే నేపుల్స్ యూనివర్సిటీని 1224లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి పెట్టాడని పోయిన ఉత్తరంలో రాశాను కదా. "చదువు సంగతి సరే నాయనా, అక్కడి మనుషులు ఎట్లుంటారో రాయి" అని బళ్లారిలోని మన బ్రూస్‌పేట పెద్దలు అడిగినారు. ఈసారి అదే రాస్తున్నా.

ఇక్కడ ఇల్లు గడప దగ్గర ఆగిపోదు. మా సందు ఎంత ఇరుకంటే, ఎదురింటి వాళ్లు ఆరేసిన బట్టల నీళ్లు మన నెత్తిన పడతాయి. నాలుగో అంతస్తులో ఒక ముసలామె ఉంది. పొద్దున్నే బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట కిందికి వదులుతుంది. అందులో డబ్బు, ఒక చీటీ. కింద అంగడాయన చీటీ చూసి రొట్టె, టమోటాలు పెట్టి, మిగిలిన చిల్లర వేసి తాడు ఒకసారి గుంజుతాడు. బుట్ట పైకి పోయేలోపల ధరలు, మనవళ్లు, మోకాళ్ల నొప్పులు అన్నీ వీధంతా వినేటట్టు మాట్లాడేసుకుంటారు.

కాఫీ ఇక్కడ నిలబడి తాగుతారు, ముందు గ్లాసు నీళ్లిస్తారు. కొందరు ఒకటి తాగి రెండింటికి డబ్బు కట్టిపోతారు. ఆ రెండోది తర్వాత వచ్చే లేనివాడికి. ఇచ్చిందెవరో తాగినవాడికి తెలీదు, తాగిందెవరో ఇచ్చినవాడికి తెలీదు. ఇంత మర్యాదగల దానం నేనెక్కడా చూడలేదు. మధ్యాహ్నం చాలా అంగళ్లు మూసేస్తారు. బళ్లారి ఎండలో పెరిగినవాళ్లకు ఎందుకని చెప్పనక్కర్లేదు.

నా మనసు పట్టుకున్నది మాత్రం వాళ్ల మాట. క్లాసులో, ఆఫీసులో ఇటాలియన్. ఇంట్లో, సంతలో నాపొలితానో అనే ఇక్కడి సొంత భాష. మనం ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ మాట్లాడినట్టే. 1953 అక్టోబర్ 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పటి నుంచీ మాది కన్నడ రాష్ట్రమే కాబట్టి, నాకు తెలుగు రాయడం నేర్పింది బడి కాదు, మా అవ్వ.

ఆ నాపొలితానోలోనే నేపుల్స్ నాటకకర్త ఎదువార్దో దె ఫిలిప్పో నాటకాలు రాసి, తానే ఆడినాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి పాడైన సాన్ ఫెర్దినాందో థియేటరును కొని, బాగుచేయించి 1954లో తెరిచాడు. 1981లో ఆయన్ని జీవితకాల సెనేటరును చేశారు. మొన్న ఆ థియేటర్లో నాటకం చూశాను. నా పక్క సీటు పెద్దాయన, నటుడు నోరు తెరవకముందే ఆ మాటలు తన పెదాలతో అనేస్తున్నాడు.

నాటకాల్లో మనకేం తక్కువ? ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరసవినోదిని సభ అనే నాటక సమాజం పెట్టింది బళ్లారిలోనే. కోలాచలం శ్రీనివాసరావు గారు చారిత్రక నాటకాలు రాసిందీ అక్కడే. బళ్లారి రాఘవ గారు ఒకపక్క లాయరు పని చేసుకుంటూనే తెలుగులోనూ కన్నడలోనూ నటించారు, స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టారు. ఆయన పేరున కళామందిరం ఉంది, సంతోషమే. ఆయన ఆడిన నాటకాల మాటలు నోటికొచ్చినవాళ్లు మాత్రం మన పేటలో ఎందరున్నారు?

మీ ఇళ్లలో అవ్వాతాతలకు ఒక్క నాటకం పద్యం గుర్తున్నా, పిల్లల చేత తెలుగులో రాయించి ఈ పత్రికకు పంపండి. సెలవులకు వచ్చినప్పుడు నేనూ ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటాను. ఎవరింట్లో అడగాలో ముందే చెప్పిపెట్టండి.

మీ
బ్రూస్‌పేట పిల్లోడు