ఘంటసాల గీత ఇంట్లో పెట్టకూడదా?

చీరల పిచ్చి, నగల పిచ్చి ఉన్నవాళ్ళు మనలో చాలామందే. నాది రికార్డుల పిచ్చి. అవేనండీ, నల్లగా పళ్ళెంలా ఉండే గ్రామఫోన్ రికార్డులు. అందులోనూ ఒక్క ఘంటసాల గారివే. ఇప్పటికి 31 అయ్యాయి. ఆయన 1974 ఫిబ్రవరి 11న కాలం చేశారు. నేనప్పటికి పుట్టనే లేదు.

అవి మా బాపువి. బాపు పోయాక అన్నయ్యలు ఆ పెట్టెను పాత సామాన్లవాడికి వేయబోతుంటే, ప్లేయర్‌తో సహా ఆటోలో పెట్టించుకుని హన్మకొండ నుంచి వరంగల్ తెచ్చేసుకున్నా. అప్పుడున్నవి 11. మిగతావి ఇంటి ఖర్చులో మిగిల్చి కొన్నవే. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం పాత లక్క రికార్డు దొరికిన రోజు ఇంట్లో పాయసం కూడా చేశా! లక్కది నిమిషానికి 78 చుట్లు తిరిగి, మూడు నిమిషాల్లో అయిపోతుంది. చెయ్యి జారితే పెంకులే. స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. ఎల్పీ అయితే ఒక వైపే ఇరవై నిమిషాలు పాడుతుంది గానీ, మన వరంగల్ ఎండ తగిలితే అప్పడంలా వంకరపోతుంది. అందుకే నీడపట్టున, పుస్తకాల్లా నిలబెట్టి పెడతా.

ఇక అసలు సంగతి. వాటిలో భగవద్గీత ఉంది. మా పేటలో ఎవరింట్లో చావు జరిగినా మైకులో అదే, శవాన్ని తీసుకెళ్ళే బండిలోనూ అదే. ఓ పొద్దున నేను పెట్టానో లేదో, ఎదురింటి అక్క పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది చెల్లె, అత్తమ్మ మంచిగనే ఉందా?" అని. అత్తమ్మేమో వంటింట్లో చిక్కుడుకాయలు గిల్లుతోంది! "నేనింక బతికే ఉన్న, బంద్ చెయ్యి దాన్ని" అని ఒకటే కోపం.

మీరే చెప్పండి, అర్జునుడు పోయినవాడా? చేయాల్సిన పని ఎదురుగా ఉంటే చేతులాడక కూలబడ్డవాడు. మనకూ రోజూ ఉండేదేగా! ఘంటసాల గారు ఆరోగ్యం బాగాలేని రోజుల్లో, 700 శ్లోకాల్లోంచి ఏరినవి పాడి, తాత్పర్యం కూడా తన గొంతుతోనే తెలుగులో చెప్పారు. రికార్డు బయటికొచ్చేసరికి ఆయన లేరు. అంత కష్టపడి పాడింది చావింటి మైకుకేనా?

మా బాపు రోజూ గడ్డం గీసుకుంటూ అది వినేవాడు. ఆయన పోయిననాడూ దాన్నే పెట్టారు. ఆ ఒక్కరోజు కోసం అన్ని పొద్దుల్నీ వదులుకోమంటే నావల్ల కాదు. ఆ గొంతు వింటే నాకు సబ్బు నురగ వాసనే రావాలి.

అందుకే చప్పుడు కాస్త తగ్గించి రోజూ పెడుతున్నా. అత్తమ్మ వద్దనడం మానేసింది. కాకపోతే ఆ ఇరవై నిమిషాలూ వీధరుగు మీదే కూర్చుంటుంది. తను బాగానే ఉన్నానని వచ్చేపోయేవాళ్ళకు కనపడాలట!