లింగాలలో రాళ్ళవాన

మంచు కురవడమనేది మనకు సినిమాల్లో చూసి ఆనందించవలసిన సంగతి. అటువంటిది పాలమూరు సీమలో, అదీ చైత్రమాసపు ఎండల్లో, ఆకాశంనుంచి మంచుగడ్డలు పడతాయేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడతారంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణే. మొన్న చైత్రంలో లింగాల వెళ్ళి, మా అక్కయ్య ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చిన తరువాత ఆ నవ్వు పోయింది.

బయలుదేరే ముందు రాత్రి బోస్టనులో ఉంటున్న మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. అక్కడ చలికాలం పోయిందని ఉన్నిబట్టలు పెట్టెల్లో సర్దుకొన్నాక, మళ్ళీ మంచు పడవచ్చునంటున్నారట. 1997లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో ఆ నగరంలో 25 అంగుళాలకు పైగా మంచు పడిందట. అప్పటినుంచి ఏప్రిల్ వచ్చినా ఆ ఊరివాళ్ళు మంచుపారను అటకమీద పెట్టరని వాడు నవ్వుతూ చెప్పాడు. "పాలు, రొట్టె తెచ్చి పెట్టుకొన్నాం చిన్నాయనా, ఇక కిటికీలోంచి చూడటమే" అన్నాడు. పాపం, చలిదేశంలో వాడి కష్టాలు వాడివి అనుకొని, నేను సంచీ సర్దుకొన్నాను.

లింగాల నల్లమల అంచున ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలోనిది. హైదరాబాదునుంచి శ్రీశైలం రోడ్డున బయలుదేరి, డిండి దాటి, హాజీపురం దగ్గర దారి మళ్ళి అచ్చంపేట చేరాలి. అక్కడ బస్సు మారితే లింగాల. ఊరు దగ్గరపడుతున్నకొద్దీ కొండలు నీలంగా లేచి కనబడతాయి. ఆ కొండల వెనుకే సలేశ్వరం. లోతైన లోయలో జలపాతం, గుండం, గుహలో లింగమయ్య. అక్కడ చెంచులే పూజారులు. చైత్ర పౌర్ణమికి జరిగే జాతరకు లింగాల మీదుగా వేలాదిమంది కాలినడకన పోతారు. నేను వెళ్ళిందీ అందుకే. పౌర్ణమి ఇంకా మూడురోజులు ఉన్నది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి జాతర ఊసే లేదు. మా బావ వాకిట్లో నిలబడి ఆకాశం చూస్తున్నాడు. నన్ను చూసి, "రా బావా, కూసో" అని మళ్ళీ పైకే చూశాడు. అక్కయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి, "మంచిగొచ్చినవ్ తమ్మీ. రేపు నీకు పని దొరికింది" అన్నది.

సంగతి మేనల్లుడు చెప్పాడు. హైదరాబాదు వాతావరణ కేంద్రంవాళ్ళు నారింజరంగు హెచ్చరిక ఇచ్చారు. పసుపురంగు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే పనిలోకి దిగమని అర్థం. ఉరుములు, ఈదురుగాలి, అక్కడక్కడా వడగండ్లు అని ఫోనులో ఉన్నది. బావకు ఆ ఫోనుతో పనిలేదు. "మూడు దినాలసంది ఒకటే ఉక్క. పగటికే మొగులు గోపురాలోలె లేస్తుంది. రాళ్ళవాన వస్తది" అన్నాడు.

వడగండ్లు చలికాలంలో కాక ఎండలు ముదిరే వేళ ఎందుకు పడతాయని నాకు ఎప్పుడూ సందేహమే. కారణం ఆ ఎండే. నేల కాలిపోయి వేడిగాలి పైకి లేస్తుంది. దానికి సముద్రంనుంచి వచ్చిన తేమ తోడైతే మబ్బు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు పెరుగుతుంది. పైన నీటిబొట్లు సున్నా డిగ్రీలకంటె చల్లబడి కూడా గడ్డకట్టకుండా తేలుతూ ఉంటాయి. చిన్న మంచుపలుకు ఒకటి దొరికితే చాలు, దానికి అంటుకొని గడ్డకడతాయి. కిందినుంచి కొట్టే గాలి ఆ రాయిని పడనివ్వదు. పైన తేలినంతసేపూ పొరమీద పొర పేరుకొంటుంది. గాలి మోయలేనంత బరువెక్కినప్పుడు కిందకు వస్తుంది. పెద్దరాయిని కోసి చూస్తే ఉల్లిగడ్డలాగ పొరలు కనబడతాయి.

ఇదేదో వినోదం కాదు. ఉత్తరదేశంలో మొరాదాబాదు దగ్గర 1888 ఏప్రిల్ 30న పడిన వడగండ్లకు 246 మంది చనిపోయారు. మన తెలంగాణంలోనే 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో నేలంతా తెల్లగా కప్పుకుపోతే, కాశ్మీరం వచ్చిందని జనం ఫోటోలు తీసుకొన్నారు. ఆ తెలుపుకింద ఉన్నది ఎవరి పంటో ఫోటోలో కనబడదు.

మా బావకు బంగినపల్లి మామిడిచెట్లు నలభై ఉన్నాయి. ఈ ప్రాంతంవాళ్ళు వాటిని బేనిషాన్ అంటారు. ఏటా పూతమీదనే వ్యాపారికి గుత్తకు ఇచ్చేవాడు. నిరుడు తానే కాయించి అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని ఆశపడ్డాడు. కాయ కోతకు ఇంకా వారం ఉన్నదని ఆగితే, ఒక్క సాయంత్రం గాలివాన ముప్పాతిక పంట రాల్చిపోయింది. ఈ ఏడు మళ్ళీ తానే ఉంచుకొన్నాడు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు ఆ చెట్లమీదే వేలాడుతున్నది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తర్జనభర్జన మొదలైంది. బావ మాట, తెల్లవారగానే మొత్తం కోసెయ్యాలని. మేనల్లుడు ఒప్పుకోడు. "అక్కడక్కడ అన్నరు నాయినా, మనకాడనే పడతదని ఉన్నదా? లేతకాయ బాటసింగారం తీస్కపోతే సగం ధర గూడ రాదు" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. వడగండ్లవాన సన్నని పట్టీలాగ నడుస్తుంది. ఒక చేను చితికిపోతుంది, గట్టు అవతలి చేనికి చుక్క పడదు. కొయ్యకపోతే పోతుందేమో, కోస్తే ధర తప్పకుండా పోతుంది.

అక్కయ్య అంతసేపూ వడ్డిస్తూ విన్నది. చివరకు, "అన్ని కొయ్యొద్దు, అన్ని ఉంచొద్దు. బకెట్ల నీళ్ళు పెట్టి చూద్దాం" అన్నది.

మరునాడు తెల్లవారుజామునే అందరం తోటలో ఉన్నాము. బకెట్‌లో నీళ్ళు పోసి, ఒక్కొక్క చెట్టునుంచి నాలుగేసి కాయలు కోసి వేసింది మేనకోడలు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. తొడిమె చుట్టూ భుజాలు నిండి లేచిన కాయ సాధారణంగా మునిగేదే. మునిగిన చెట్టుకు సున్నపు బొట్టు పెట్టాము. పందొమ్మిది చెట్లు తేలాయి. ఇరవై ఒకటి మునిగాయి. ఇంట్లో రాత్రంతా తెగని వ్యాజ్యం బకెట్‌నీళ్ళలో గంటలో తెగింది.

ఇక కోత. చిక్కం కట్టిన వెదురుగడలతో బావ, కొడుకు, ఇద్దరు కూలీలు పనిలో పడ్డారు. తొడిమె రెండువేళ్ళ పొడవు ఉండేట్టు కొయ్యాలి. లేకపోతే సొన కారి కాయ నల్లబడుతుంది, నల్లబడినదాన్ని బేరగాడు ముట్టడు. నాకు కాయలు బుట్టల్లో పేర్చే పని ఇచ్చారు. నా సంచిలోని జాతర బట్టలు అలాగే ఉండిపోయాయి.

పదిగంటలకు అక్కయ్య నన్ను కళ్ళం దగ్గరకు తీసుకువెళ్ళింది. యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు; ఒక్క వానకు తడిస్తే మళ్ళీ ఎన్నో ఎండలు కావాలి. వడ్లు కుప్పచేసి, తాడిపత్రి కప్పి, అంచులమీద రాళ్ళు పెట్టాము. నీళ్ళు కిందినుంచి చేరకుండా చుట్టూ జానెడు లోతు కాలువ తీశాము.

పక్క కుప్ప ఒక ముసలమ్మది. ఆమె పాతచీరలు జతచేసి కుట్టిన గుడ్డ ఒకటి పట్టుకొని కుప్పచుట్టూ తిరుగుతున్నది. మా ఇంట్లో తాడిపత్రిలు రెండే. రెండోది మామిడి బుట్టలకని బావ దాచాడు. అక్కయ్య నావైపు చూసి, "కాయలు మనింట్ల ముందర అర్రల పెడదాం. మనం వాకిట్ల పండుకుందాం" అన్నది. వాన వచ్చే రాత్రి వాకిట్లో ఎట్లా పడుకుంటామని అడగబోయి మానుకొన్నాను. రెండో తాడిపత్రి ముసలమ్మ కుప్పమీదకు వెళ్ళింది. బావ ఆ మాట విని ఒక్క నిమిషం ఊరుకొని, "సరే, అంచులు గట్టిగ గట్టిండ్రా?" అని మాత్రం అడిగాడు.

మధ్యాహ్నం ఇల్లు సర్దుకోవడం. కరెంటు పోతే మోటారు నడవదు గనుక గోలెం, బిందెలు నింపారు. ఫోనులన్నీ చార్జింగు పెట్టారు. బర్రెలను వేపచెట్టు కిందినుంచి తెచ్చి కొట్టంలో కట్టారు. కోళ్ళమీద గంపలు బోర్లించారు. స్కూటరుమీద గోనెసంచులు కప్పారు. అక్కయ్య అత్తగారు రోకలి తీసి గడపదగ్గర పెట్టుకొన్నది. రాళ్ళు పడితే దాన్ని వాకిట్లోకి విసిరితే ఆగుతాయని ఆవిడ నమ్మకం. మనవడు ఫోనులో 'దామిని' తెరిచి, ఎంత దూరంలో పిడుగు పడుతున్నదో చూసుకొంటున్నాడు. ఎవరి ఆయుధం వాళ్ళది.

మూడుగంటలకు పడమట ఆకాశం ముదురు నీలం తిరిగింది. ఇంకా ఆరు చెట్లు మిగిలి ఉన్నాయి. మెరుపు మెరిసింది. మేనల్లుడు ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. శబ్దం కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు పడుతుంది. ముప్ఫై లెక్కపెట్టేలోపల ఉరుము వినబడితే పిడుగు మనవరకూ రాగలదన్నమాట, ఇంట్లోకి పోవలసిందే. ఇరవైనాలుగుకు ఉరిమింది. "ఇంక ఆరే గద!" అన్నాడు బావ.

అప్పుడే రోడ్డుమీద జాతరకు పోయే గుంపు కనబడింది. పాతికమంది ఉంటారు, ఆడవాళ్ళు, పిల్లలు, నెత్తిన మూటలు. మబ్బు చూసి అందరూ రోడ్డుపక్క పెద్ద చింతచెట్టు కిందికి చేరారు. ఉరుముల వేళ అంతకంటె చెడ్డచోటు లేదు. బావ చెట్లవంక ఒకసారి, ఆ గుంపువంక ఒకసారి చూశాడు. చిక్కం గడ కింద పడేసి, "ఓ అన్నా, చెట్టుకింద నిలవడకుండ్రి! ఇంటికి రాండ్రి!" అని అరుస్తూ పరుగెత్తాడు.

ఆ ఆరు చెట్లు అలాగే ఉండిపోయాయి.

అందరం ఇంట్లో చేరేసరికి చల్లనిగాలి విసురుగా వచ్చింది. దుమ్ము, చీకటి. కొట్టం రేకుమీద టక్కుమని ఒక చప్పుడు. మరొకటి. తరువాత ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. మొదట రేగుపండ్లంత, ఆనక నిమ్మకాయలంత రాళ్ళు. వాకిలి తెల్లబడింది. ముసలావిడ రోకలి విసిరింది. దానిమీద కూడా రాళ్ళు పడ్డాయి. ముందు అర్ర నిండా మామిడికాయలు, వసారా నిండా జనం. నిన్నటిదాకా ముక్కూమొగం తెలియని పిల్లవాడొకడు నా ఒళ్ళో దూరి చెవులు మూసుకొన్నాడు. పది నిమిషాలు. అంతే. తరువాత మామూలు వాన.

చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి తోటకు వెళ్ళాము. కొయ్యని చెట్లకింద కాయలు చాపపరచినట్టు ఉన్నాయి. చెట్టున నిలిచినవాటికి రాయి తగిలినచోటల్లా నొక్కు. ఆ నొక్కు రెండురోజుల్లో నల్లబడి కుళ్ళుతుంది. ఊరికి అవతలిపక్క తోటల్లో ఒక్క రాయి పడలేదని రాత్రికి తెలిసింది. మేనల్లుడు అన్నమాటా నిజమయింది, బావ అన్నమాటా నిజమయింది.

మరునాడు వ్యవసాయశాఖవాళ్ళు నష్టం రాసుకోవడానికి వచ్చారు. 33 శాతానికి తగ్గిన నష్టం సాయానికి లెక్కకు రాదు. 2023 మార్చి వడగండ్లప్పుడు కౌలురైతులతో సహా ఎకరానికి 10,000 రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఈసారి ఏమి వస్తుందో అప్పటికి ఎవరూ చెప్పలేరు. బావ తన లెక్క తాను వేసుకొన్నాడు. కోసిన కాయలు నాలుగు రోజులు తొందరపడ్డా మునిగిన కాయలే గనుక మంచిధరే పలికాయి. మొదటి విడత ఫీజు కట్టవచ్చు. రెండో విడతకు దీపావళిదాకా గడువున్నది. "నిరుడు ఈ పాటికి తల పట్టుకొని కూసున్న బావా. ఈసారి తలకాయ ఖాళీగున్నది" అన్నాడు. ముసలమ్మ వడ్లు తడవలేదు. ఆమె తాడిపత్రి మడిచి తెచ్చి ఇచ్చి, దానితోపాటు ఒక సొరకాయ పెట్టి వెళ్ళింది.

జాతర గుంపు పొద్దున్నే బయలుదేరింది. నేనూ వాళ్ళవెంట సలేశ్వరం నడిచాను. తడిసిన అడవిలో లింగమయ్యను పిలుస్తూ నడిచిన ఆ నడక మరొకసారి రాస్తాను.

తిరిగి వచ్చేసరికి రాలిన లేతకాయలతో అక్కయ్య తొక్కు పెట్టింది. నాకు పెద్దసీసా ఇచ్చింది. హైదరాబాదు చేరిన రాత్రి బోస్టనునుంచి ఫోను. మంచు రాలేదట, తెచ్చిపెట్టుకొన్న రొట్టెలు తినలేక ఛస్తున్నారట. "మీ దగ్గర ఏమిటి విశేషాలు చిన్నాయనా?" అన్నాడు.

"మాకు పడింది నాయనా. నీ వాటా సీసాలో పెట్టి పంపిస్తున్నాను, రొట్టెలో నంజుకో" అన్నాను.