ఉద్దానమున మూడు దినములు

సోంపేట స్టేషనులో దిగితిమి. పేరు సోంపేటయే గాని స్టేషనున్న యూరు కంచిలి. అచటినుండి కవిటి పోవు త్రోవ పొడుగునను కొబ్బరి, పనస, జీడిమామిడి తోఁటలు. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. 2018 అక్టోబరునఁ దిత్లీ తుపానునకుఁ గూలినవి కూలఁగా మిగిలిన చెట్లివి.

ఇంత చల్లని సీమలో మూత్రపిండముల జబ్బు సోఁకని వాడ లేదు. మా పినతల్లి కఱువదియైదేండ్లు. వారమునకు మూడుమాఱులు డయాలిసిస్, మాఱునకు నాలుగు గంటలు. రాకపోకలతో దినమంతయు దానికే సరి. కారణము త్రాగునీరో, ఎండలో దప్పిక నోర్చి పాటుపడుటయో, నొప్పిమాత్రలో, వైద్యులింకను నిశ్చయింపలేదు. హిరమండలమునుండి గొట్టములతో నీరు తెచ్చిరి. 2023 డిసెంబరున పలాసలో 200 పడకల యాసుపత్రి తెఱచిరి. డయాలిసిస్ రోగులకు 2019లో నెలకు 10,000 రూపాయల పింఛను నేర్పఱచిరి. అది లేనిచో మా పిన్ని బ్రదుకు గడవదు. కాని వెంటఁబోవు కోడలు జీడిపప్పు వలుచు కూలిని వారమునకు మూడు దినములు పోఁగొట్టుకొనుచున్నది. ఆ లెక్క యే పుస్తకమునను లేదు.

"అమ్మాయీ, నా మాట కేమి! వీఁడు రక్తపరీక్షకుఁ బోఁడు. నీవైనఁ జెప్పవే" యని పిన్ని కొడుకును జూపెను. ఈ జబ్బు ముదురువఱకు నొప్పి తెలియనీయదు. నేను చెప్పితిని. అతఁడు నవ్వి, మాకు బొండములు కొట్టుటకుఁ దోఁటలోనికిఁ బోయెను.

కొబ్బరినీరు పిన్నికి వైద్యులు మాన్పించిరి. మేము త్రాగుచుండ నామె కొలతగ్లాసులో నీరు పోసికొని గ్రుక్కెఁడు పుచ్చుకొనెను.