ఆర్‌ఎక్స్ 100 కొనే ముందు

హాస్టల్ పార్కింగ్‌లో ఎవరైనా ఆర్‌ఎక్స్ 100 తెచ్చి పెడితే చాలు, పక్కనున్న కొత్త బళ్ళన్నీ వెలవెలబోతాయి. "మామా, ఒక్క కిక్ కొట్టనీరా" అంటూ పది మంది చేరతారు. మన వైపు స్పోర్ట్స్ కార్లు ఎవరి దగ్గరున్నాయి గనక? ఖమ్మం కుర్రాళ్ళకి ఆ లోటు తీర్చింది ఈ బండే. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, 11 హార్స్‌పవర్, బరువు నూరు కిలోల చిల్లర. ఆ పరుగు అందుకే. 1985 చివర్లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. అంటే ఇప్పుడు దొరికే వాటిలో చిట్టచివరిది కూడా మనందరికన్నా వయసులో పెద్దది.

ఈ ఎండాకాలం సెలవుల్లో ఇంటర్న్‌షిప్ డబ్బులు, అమ్మ చీటీ ఎత్తి ఇచ్చినవి కలిపి 60 వేలు పెట్టుకుని మూడు బళ్ళు చూశాను. పోతే మళ్ళీ పుట్టే డబ్బు కాదది. అందుకే మా వీధిలో ముప్పై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్న మెకానిక్ బాబాయ్‌ని వెంట రమ్మన్నాను. బయల్దేరేటప్పుడే ఆయన ఒక మాట అన్నాడు: "ఇంజిన్ పోతే నేను చేసిస్తా. చాసిస్ కుళ్ళినా, కాగితాలు కుళ్ళినా నా చేతిలో ఏం లేదు బిడ్డా."

మొదటిది ఖమ్మంలోనే. కొత్త పెయింటు, కొత్త క్రోమ్, ఒక్క కిక్‌కే స్టార్ట్. నేనైతే అక్కడే పడిపోయాను. బాబాయ్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ట్యాంకు పక్కన పెడితే ఒకచోట నిలవకుండా జారింది. పెయింటు కింద మందంగా పుట్టీ ఉందన్నమాట. తర్వాత హ్యాండిల్ మెడ దగ్గర కొట్టిన చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలిపి చూశాం. చాసిస్ కలిసింది, ఇంజిన్ కలవలేదు. ఆర్‌ఎక్స్ 100 ఫ్రేములో ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ బిగించడం మనోళ్ళకి మామూలే. స్పీడు బానే ఉంటుంది. కానీ ఆర్‌సీలో లేని ఇంజిన్‌తో రోడ్డెక్కితే, రేపు ఏ చెకింగ్‌లోనో ఆపినా, పేరు మార్చుకోవడానికి పోయినా జవాబు చెప్పుకోవాల్సింది కొన్నవాడే.

రెండోది భద్రాచలంలో, గోదావరికి దగ్గరి ఇంట్లో. అక్కడ బాబాయ్ బండి కంటే ముందు గోడ చూశాడు. ఛాతీ ఎత్తున మట్టిరంగు చార ఇంకా కనిపిస్తూనే ఉంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారు, మిగతాది మీరే ఊహించుకోండి. "బండి మునిగిందా?" అని ఆయన అడగలేదు. "నీళ్ళల్లో ఎన్ని రోజులుందన్నా?" అన్నాడు. ఇంటాయన కాసేపు ఊరుకుని, "ఐదు రోజులు" అన్నాడు.

హెడ్‌లైట్ విప్పితే వెనక గిన్నెలో పౌడర్ లాంటి ఎండు ఒండ్రు. బ్రేకు డ్రమ్ములోనూ అదే. పైన కడిగితే పోతుంది గానీ, క్రాంక్ బేరింగుల్లోకి చేరిన ఒండ్రు ఆకురాయిలా అరగదీస్తుంది. ఫ్రేము గొట్టాల్లో నిలిచిన నీళ్ళు లోపల్నుంచి తినేస్తాయి. ఆయన మీద నాకు కోపం రాలేదు. వరదలో ఇల్లే పోయినంత పనైన మనిషి, ఉన్నదేదో అమ్ముకుంటున్నాడు. కానీ ఆ బండి మీద ఘాట్ దిగాల్సింది నేను.

ఇది మన ఊరి తెలివి మాత్రమే కాదు. ఇంగ్లండులో పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళు తలుపుల కింద ఉండే సిల్స్‌లో తుప్పుందా అని ముందు చూసుకుంటారు. ఆ కారుకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. సిల్స్ కుళ్ళితే పైన ఎంత మెరిసినా దండగే.

మూడోది చింతూరు అవతల. రంగు వెలిసింది, సీటు చిరిగింది, స్టార్ట్ చేస్తే వెనక తెల్లటి పొగ. నేను మొహం తిప్పుకున్నా. బాబాయ్ మాత్రం గేర్ ఆయిల్ ఎంతుందో చూసి, "క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోయింది, గేర్ ఆయిల్ తాగుతుంది" అన్నాడు. సీలు రేటు తక్కువే, కూలీయే ఎక్కువ. మాగ్నెట్ వైపు సీల్ పోతే వేరే లక్షణం: గాలి పీల్చి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది. అది ముదిరితే పిస్టన్ పట్టేస్తుంది. కిక్ మెత్తగా దిగితే బోరు అరిగినట్టు. కింద గడగడ వినిపిస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగు. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతున్నారేమో కూడా అడగాలి. ఇవన్నీ డబ్బుతో తీరే రోగాలు.

ఆ బండి పెద్దాయన అడక్కముందే లోపాలన్నీ చెప్పాడు. నంబర్లు రెండూ కలిశాయి, ఓనరు మొదటి నుంచీ ఆయనే, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంది. చిక్కు ఇంకోచోట. నంబరు ఏపీ 20, అంటే ఖమ్మందే. కానీ 2014లో చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రాలో కలిశాయి. తెలంగాణలో మిగిలిన పాత బళ్ళకీ అదే ఏపీ 20 ఉంది. ప్లేటు చూస్తే ఏ రాష్ట్రమో తెలియదు, ఆర్‌సీ అడ్రసు చూడాల్సిందే. రాష్ట్రం మారితే ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి, పేరు మార్చడానికి 29, 30 కావాలి. ఇక్కడ పన్ను ఎంత పడుతుందో బేరానికి ముందే కనుక్కోవాలి.

55 వేలు అడిగితే 42కి కుదిరింది. ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఇస్తానన్నాను. "అట్లనే బాబూ, కాగితం లేకుండా నేనూ బండి ఇయ్యను" అన్నాడాయన. సీల్స్‌కి, బోరుకి, కొత్త బ్రేక్ షూస్‌కి డబ్బు పక్కన పెట్టాను. మీరూ చూడబోతే ఒక అయస్కాంతం, టార్చి, ఆర్‌సీ ఫోటో వెంట ఉంచుకోండి. బండి సౌండు వినడం మాత్రం చివరికి పెట్టుకోండి. అది విన్నాక మనకి ఇంకేమీ కనపడదు.