గ్రేనెన్ ఇసుకలో హోల్గర్ డ్రాక్‌మాన్

స్కేగెన్‌లో రైలు దిగేసరికి ఎండ కాస్తోంది గానీ, గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. డెన్మార్క్ ఉత్తరపు కొసన ఉన్న చేపల రేవు ఇది. ఎటు చూసినా పసుపు గోడలు, ఎర్ర పెంకులు. నేను వెతుక్కుంటూ వచ్చింది విల్లా పాక్స్ అనే ఇంటిని. హోల్గర్ డ్రాక్‌మాన్ 1902లో దాన్ని కొనుక్కున్నారు. ఆయన పోయాక, 1911లో మ్యూజియం అయింది.

ఆ దేశం వాళ్ళకు ఆయన మొదట కవి. ఏటా జూన్ 23 రాత్రి ఊరూరా మంటలు వేసి అందరూ కలిసి పాడుకునే పాట ఆయన రాసిందే. నేను వచ్చింది మాత్రం చిత్రకారుడి కోసం. 1846లో కోపెన్‌హాగెన్‌లో పుట్టిన డ్రాక్‌మాన్, సముద్రాన్ని చిత్రించడంలో పేరున్న సి.ఎఫ్. సోరెన్సెన్ దగ్గర పని నేర్చుకున్నారు. 1872లో నార్వే చిత్రకారుడు ఫ్రిట్స్ థౌలోతో కలిసి ఇక్కడికి వచ్చారు. చిత్రకారులు మైకేల్ ఆంకర్, క్రోయర్ ఈ ఊరు చేరింది ఆ తర్వాతే.

విల్లా పాక్స్ లోపల ఒక బొమ్మ ముందు కాళ్ళు కదల్లేదు. ఒడ్డు మీదికి విరుచుకుపడుతున్న కెరటం. దూరానికి తెల్లటి నురగలా కనిపించింది. దగ్గరికి వెళితే తెలుపు ఎక్కడో చెదురుమదురుగా ఉంది. మిగతాదంతా బూడిద రంగు, పాచి రంగు, ఇసుక కలిసిన గోధుమ రంగు. లోతు తక్కువైన చోట అల విరిగితే అడుగున ఉన్న ఇసుకంతా పైకి లేస్తుంది కదా! గదిలో కూర్చుని ఊహించుకున్నవాడికి ఆ రంగు దొరకదు. తుపానులో పడవ దించి, మునిగే ఓడల్లోని వాళ్ళను కాపాడిన బెస్తలతో కలిసి తిరిగిన మనిషి ఆయన. వాళ్ళలో ఒకరైన లార్స్ క్రూసె గురించి 1879లో ఒక పుస్తకమే రాశారు.

మధ్యాహ్నం ఊరి అవతలి ఇసుక కొస గ్రేనెన్‌కు నడిచాను. 1908 జనవరిలో హోర్న్‌బెక్‌లో కన్నుమూసిన డ్రాక్‌మాన్ అస్థికలు ఇక్కడి ఇసుక తిన్నెలోనే ఉన్నాయి. ఆ సమాధికి రూపం గీసింది స్నేహితుడు క్రోయరే. చుట్టూ గడ్డి దుబ్బులు, పైన గాలి. ఎంతసేపు నిలబడ్డా సముద్రపు హోరు చెవుల్లోంచి పోదు.

ఇంకా ముందుకెళితే నేల సన్నబడి సన్నబడి నీళ్ళలో కలిసిపోతుంది. అటు స్కాగెరాక్ సముద్రం, ఇటు కట్టెగాట్ సముద్రం. ప్రవాహాల సుడి వల్ల అక్కడ ఈతకు దిగనివ్వరు. రెండు వైపుల నుంచీ వచ్చిన అలలు ఎదురెదురుగా ఢీకొని పైకి లేచాయి. వంగి ఆ నురగ రంగు చూశాను. ఇసుక రంగే.