తూటాలూ, చింతపండూ

సంస్కృతంలో ఇత్తడికి 'రీతి' అని పేరు. అమరకోశం వల్లించినవారికి ఇది కొత్త విషయం కాదు. వామనుడు కావ్యానికి ఆత్మగా నిలిపిన రీతి వేరు, ఈ రీతి వేరు. ముప్ఫై రెండేళ్ళు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న నాకు, ఈ రెండవ రీతితో టెక్సాసులో అమ్మాయివాళ్ళ గరాజులో పని పడుతుందని ఎవరనుకున్నారు!

మా అల్లుడికి వారాంతంలో షూటింగ్ రేంజికి వెళ్ళే వ్యసనం ఉన్నది. వ్యసనమన్నది నా మాట. అతడు క్రీడ అంటాడు. తూటా పేలితే గుండు పోతుంది, మందు కాలిపోతుంది, అడుగున ఉన్న ప్రైమర్ పనికిరాకుండా పోతుంది. మిగిలేది ఇత్తడి గొట్టం. అందులో నూటికి డెబ్బై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు జింకు, అంటే మన తుత్తునాగం. దానిని ఏరి తెచ్చి, శుభ్రపరచి, కొత్త ప్రైమరూ మందూ గుండూ అమర్చి మళ్ళీ వాడుకుంటారు.

అతడు అనుసరిస్తున్నది పొడి పద్ధతి. అదిరే గిన్నెలో అక్రోటు పెంకుల పొడి పోసి, గొట్టాలను అందులో వేసి గంటల తరబడి తిప్పుతాడు. మసి వదులుతుంది, నిజమే. కానీ సాధారణంగా ప్రైమరులో ఉండేది సీసపు సమ్మేళనం. పేలిన తరువాత దాని శేషం ఆ మసిలోనే ఉంటుంది. పొడిని జల్లెడ పట్టేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుందన్నమాట. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అల్లుడింట అతిథిగా ఉన్నవాడు అతడి పనిలో తలదూర్చడం మర్యాద కాదు. అయితే నాలుగేళ్ళ మనవరాలు ఆ పెంకుల పొడిని ఇసుకలా గుప్పిళ్ళతో ఎత్తి పోసుకోవడం చూశాక మర్యాదను కట్టిపెట్టాను.

"ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాను మామయ్యగారూ, నాకేమీ కాలేదు," అన్నాడు.

"నీకు కాలేదు బాబూ. దాని వయసు నాలుగేళ్ళు."

మూడు రోజులు మా మధ్య మాటలు అంతంత మాత్రమే. అమ్మాయి ఇద్దరికీ విడివిడిగా కాఫీ ఇచ్చింది. నాలుగవ నాడు నీటితో తిప్పే పీపా వచ్చింది. పిల్లకు రక్తపరీక్ష కూడా చేయించారు. ఫలితం గురించి బెంగపడవలసిన పని లేదన్నారు డాక్టరుగారు. గరాజు తలుపుకు గడియ పడింది.

నీటి పద్ధతిలో దుమ్ము లేవదు. సన్నని స్టీలు పుల్లలు, నీరు, గిన్నెలు తోమే సబ్బు చుక్క, చిటికెడు నిమ్మ ఉప్పు. ఆ నీటిలోనూ సీసం ఉంటుంది కనుక చేతులకు తొడుగులు తప్పవు, వంటింటి తొట్టి దగ్గరకు రానివ్వకూడదు. నిమ్మ ఉప్పు చూడగానే మా అమ్మ చింతపండు జ్ఞాపకం వచ్చింది. ఇత్తడి బిందెకు పులుపు పట్టించి ఎక్కువసేపు ఉంచేది కాదు, వెంటనే కడిగేది. ఆమ్లంలో నానబెట్టి వదిలేస్తే తుత్తునాగం కరిగిపోయి, లోహం ఎర్రబారి బలహీనపడుతుంది. ఆమె రసాయనశాస్త్రం చదవలేదు, బిందె ఎర్రబడడం చూసింది.

అమ్మోనియా కలిసిన మెరుగుద్రవాలను మాత్రం తూటాల దరికి రానివ్వరాదు. ఈ ముచ్చటకు మన దేశంతో సంబంధం ఉంది. బ్రిటిషువారి కాలంలో ఇక్కడి గుర్రపుశాలల్లో నిలవ చేసిన తూటాల గొట్టాలు వానాకాలం వచ్చేసరికి వాటంతట అవే పగిలేవి. అందుకే ఇంగ్లీషులో ఆ జబ్బుకు ఋతువు పేరే పెట్టారు. గుర్రాల మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియా, తేమ, తయారీలో లోహంలో మిగిలిపోయిన బిగువు — ఈ మూడూ కలిసి చేసిన పని అది. మూర్, బెకిన్‌సేల్, మలిన్సన్ అనే ముగ్గురు 1921లో దీనిని వివరించారు. తగుమాత్రం వేడి చేసి ఆ బిగువును సడలిస్తే పగుళ్ళు రావు.

ఇంత కడగడం మెరుపు కోసం కాదు, పగులు కనబడడం కోసం. మసి పోతేనే మెడ దగ్గర వెంట్రుకవాసి చీలిక తెలుస్తుంది. అడుగుకు కాస్త పైన మెరిసే వలయం ఉంటే అక్కడ లోహం సాగి పలచబడిందేమోనని అనుమానించాలి. అటువంటి గొట్టం మళ్ళీ పేలిస్తే తెగిపోవచ్చు, వేడి వాయువు పేల్చేవాడి ముఖం మీదికే రావచ్చు. కళ్ళజోడు సవరించుకొని ఆ పరీక్ష నేను చేస్తాను. దిద్దుబాటుకు అలవాటుపడిన కన్ను కదా! మొన్న నూరింటిలో నాలుగు పక్కన పెట్టాను. అల్లుడు మాట్లాడకుండా పటకారుతో వాటి మూతులు నొక్కేసి తుక్కుడబ్బాలో పడేశాడు.