నిప్పునకు ఊపిరి

మా ఊరు గోదావరి డెల్టాలోనిది. అచట చలి యనగా ధనుర్మాసములో తెల్లవారుజామున వచ్చి, ప్రొద్దెక్కగానే వెడలిపోవు చుట్టము వంటిది. భోగినాటి ఉదయమున ఊరి కూడలిలోని మంట చుట్టు నిలిచి, ఒకమారు అరచేతులు, ఒకమారు వీపు కాచుకొనుటతోనే మా చలికాలము ముగిసినట్లు తోచెడిది. ఇంట మా నాయనమ్మకు మాత్రము ఒక మట్టి కుంపటి యుండెడిది. ఆమె దానిలో బొగ్గులు రాజేసి, నివురును పుల్లతో తొలగించుచు చేతులు కాచుకొనెడిది. ఇంట పురుడు వచ్చినపుడు ఆ కుంపటియే బాలింతరాలి మంచము క్రిందికి చేరెడిది. నిప్పును గూర్చి తెలిసికొనవలసినదంతయు నాకు తెలియునని ఆ దినములలో తలంచితిని. ఆ తలంపు ఎంత పొరపాటో హిమాలయములలో ఒక రాత్రి నాకు నేర్పెను.

1993వ సంవత్సరమున, కేంద్రప్రభుత్వ శాఖ యొకదానిలో గుమాస్తాగా నున్న నన్ను హిమాచల ప్రదేశ్‌లోని లాహౌల్ లోయకు బదిలీ చేసిరి. ఆ లోయకు ముఖ్యపట్టణము కేలాంగ్. సముద్రమట్టమునకు 3,000 మీటర్లకు పైబడిన ఎత్తులో, భాగానదికి ఎగువ నొక కొండవాలుపై ఆ పట్టణమున్నది. దానికి కొంత దిగువ తాండి యను చోట చంద్ర, భాగ యను రెండు నదులు కలిసి చంద్రభాగ యగును. మనము భూగోళ పాఠములలో చీనాబు అని చదువుకొను నది యదియే.

ఆ కాలమున మనాలి నుండి లాహౌలునకు పోవలెనన్న 3,978 మీటర్ల ఎత్తు గల రోహ్‌తాంగ్ కనుమను దాటవలసి యుండెను. చలికాలమున మంచు పేరుకొనగానే కనుమ మూతపడెడిది. అప్పుడప్పుడు వచ్చు హెలికాప్టరు తప్ప రాకపోకలు లేవు. కొండను తొలిచి నిర్మించిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగము 2020వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ప్రారంభమగు వరకు ఆ లోయవారు ఏటా ఇంచుమించు ఆరు నెలలు తక్కిన లోకమునకు దూరముగనే బ్రతికిరి. కనుక అచట బియ్యము, పిండి, ఉప్పు ఎట్లో, కట్టెలును అట్లే. వేసవిలో కూడబెట్టుకొననివానికి చలికాలమున దొరకవు.

నేను ఒక వృద్ధుని యింట గది అద్దెకు తీసికొంటిని. ఆయనను అందరివలె నేనును దాదాజీ యని పిలిచెడివాడను. నా గది నడుమ ఇనుపరేకుతో చేసిన పొయ్యి యొకటి యుండెను. దానిని అచట తందూరు అందురు. రొట్టెలు కాల్చెడి మట్టి తందూరు వేరు, ఇది వేరు. ఇది పొట్టికాళ్ళపై నిలిచిన పెట్టె. ముందువైపు కట్టెలు పెట్టుటకు చిన్న తలుపు, దానికి గాలి చొచ్చు రంధ్రములు ఉండును. పెట్టె నుండి ఒక రేకుగొట్టము పైకి లేచి, కప్పును దాటి వెలుపలికి పోవును. గొట్టములో ఒక పలక గలదు. దాని పిడిని త్రిప్పి పొగదారిని వెడల్పు చేయవచ్చును, ఇరుకు చేయవచ్చును.

భోగిమంట వద్ద ముందువైపు కాలుచుండగా వెనుకవైపు చలి వేయుట మీరెరిగినదే. ఆరుబయటి మంట వేడిలో అధికభాగము పొగతో పాటు ఆకాశమున కెగిరిపోవును. ఇనుపపెట్టెలో నున్న మంట అట్లు గాదు. అది మొదట ఇనుమును కాల్చును. ఆ ఇనుమును, పొడవైన గొట్టమును గది నాలుగు మూలలకు వేడిని ప్రసరింపజేయును. ఇట్లు వేడిని వృథా పోనీయక నిలుపుటకై అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక ఇనుప పొయ్యిని కల్పించి, 1744వ సంవత్సరమున దానిని వర్ణించుచు చిన్న పుస్తకమును ప్రకటించెను. దానిపై సర్వహక్కులు ఇచ్చెదమన్నను ఆయన అంగీకరింపలేదు. ఇతరులు కనిపెట్టినవానితో మనము సుఖపడుచున్నాము గనుక, మనము కనిపెట్టినది కూడ ఇతరులకు ఉచితముగా నీయవలెనని ఆయన భావము.

లాహౌలులో అడవులు తక్కువ. పొలముల గట్లపైనను, కాలువల యొడ్డునను పెంచిన విల్లో చెట్లే వారికి ఆధారము. వాని ఆకులు పశువులకు మేత, కొమ్మలు పొయ్యికి వంటచెరకు. జూలై మాసములోనే దాదాజీ నన్ను హెచ్చరించెను.

“బాబూజీ, కట్టెలు ఇప్పుడే కొని చీల్చి పేర్చుకొనుడు. ఎండ యున్నపుడే చలికి సిద్ధపడవలెను.”

ఎండకు చెమట పట్టుచున్న ఆ దినమున చలిని తలంచుట నాకు హాస్యముగా తోచెను. “చూతములెండి, దాదాజీ” అని తప్పించుకొంటిని. అక్టోబరు కడపట గాని కొనలేదు. అప్పటికి ఎండుకట్టెలు ఎవరును అమ్ముటలేదు. నరికి వారమైనను గాని పచ్చికట్టెలను చౌకగా దొరికినవని సంతోషించి కొంటిని.

ఆ సంతోషము ఎంతోకాలము నిలువలేదు. పొయ్యిలో పెట్టగానే కట్టె కొనలనుండి నీరు చిమ్మి బుసకొట్టెడిది. పొగ మెండు, మంట స్వల్పము. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. పది కిలోల పచ్చికట్టెను పొయ్యిలో పెట్టుట, కట్టెతోపాటు అయిదు కిలోల నీటిని పొయ్యిలో పోయుట వంటిది. మరుగుచున్న నీటిని ఒక కిలో ఆవిరి చేయుటకే సుమారు 540 కిలోకాలరీల వేడి కావలెను. నా కట్టెల శక్తి నా గదిని కాచుటకు మారుగా తమలోని నీటిని కాచుటకే వ్యయమయ్యెను.

1994వ సంవత్సరము జనవరిలో మూడు దినములు ఎడతెగక మంచు కురిసెను. నా కట్టెల కుప్ప తరిగిపోవుచుండెను. మూడవనాటి రాత్రి నేను ఒక ఉపాయము పన్నితిని. కిటికీ సందులలోను, తలుపు క్రిందను పాతగుడ్డలు దూర్చితిని. పొయ్యి నిండ కట్టెలు పెట్టి, నిప్పు తెల్లవారువరకు నిలుచునని గొట్టములోని పలకను ఇంచుమించు పూర్తిగా మూసితిని. గది వెచ్చబడెను. నా తెలివికి నేనే మెచ్చుకొని, రెండు రజాయిలు కప్పుకొని నిద్రపోతిని.

తెల్లవారుజామున ఎవరో తలుపు బాదుచున్నట్లు వినబడెను. తల పగిలిపోవుచున్నట్లుండెను. కడుపులో త్రిప్పుచుండెను. లేవబోగా కాళ్ళు నావి కానట్లు తూలినవి. నేలపై ప్రాకుచు పోయి గడియ తీసితిని. ఆ పిమ్మట ఏమి జరిగినదో నాకు తెలియదు. తెలివి వచ్చుసరికి వాకిట మంచులో దాదాజీ నన్ను ఒడిలో పట్టుకొని యుండెను. అప్పుడు పీల్చిన చల్లగాలి రుచిని నేను నేటికిని మరువలేదు.

ఆ లోయలో ఇండ్లకు చదునైన మట్టికప్పులుండును. మంచు బరువునకు కప్పు కూలకుండుటకై దానిని ఎప్పటికప్పుడు పారలతో త్రోసివేయవలెను. ఆ ఉదయమున దాదాజీ అందుకొరకే కప్పుపైకెక్కెను. నా గొట్టము నుండి పొగ సన్నగా, మసకగా, ఆగియాగి వచ్చుట చూచి ఆయనకు అనుమానము కలిగెను. పారను పారవేసి పరుగున దిగి వచ్చెను. ఆయన మరి గంటసేపు ఆలస్యముగా మేల్కాంచినచో ఈ వ్యాసము వ్రాయుటకు నేనుండను.

నేను తేరుకొనిన పిమ్మట ఆయన ఒక్కమాట యనెను. “బాబూజీ, మీరు చలికి తలుపు మూసితిమనుకొన్నారు. నిప్పునకు ముక్కు మూసినారు. ఊపిరాడని నిప్పు ప్రక్కనున్నవాని ఊపిరి తీయును.”

ఆయన బడిలో రసాయనశాస్త్రము చదివినవాడు కాడు. కాని శాస్త్రము చెప్పునదియు అదియే. కట్టెలోని కర్బనమునకు చాలినంత ప్రాణవాయువు దొరికినచో అది మండి బొగ్గుపులుసు వాయువగును. చాలనిచో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు మించిన గట్టితనముతో దీనిని పట్టుకొనును. అందుచే గుండె కొట్టుకొనుచున్నను శరీరమునకు ఊపిరి అందదు. నిద్రించువాడు నిద్రలోనే పోవును.

మరునాడు పొయ్యి చల్లారిన తరువాత దాదాజీ గొట్టమును విప్పి నేలకు తట్టెను. గంపెడు మసి రాలెను. లోపల తారువంటి నల్లని జిగురు అంటుకొని దారి సగము పూడియుండెను. పచ్చికట్టె పొగ చల్లని గొట్టమునకు తగిలి అట్లు పేరుకొనునట. ఒక్కొక్కప్పుడు ఆ జిగురే అంటుకొని ఇల్లు కాలిపోవునట. జూలైలో నా సోమరితనము అక్టోబరులో పచ్చికట్టె యయ్యెను. పచ్చికట్టె మసి యయ్యెను. మసితో సగము పూడిన దారిని నా లోభము పూర్తిగా మూసెను. ఆ రాత్రి పన్నిన ఉరికి నేనే ఆరు నెలలు త్రాడు పేనితిని.

తక్కిన చలికాలము దాదాజీ నన్ను ఒంటరిగా పరుండనీయలేదు. ఆ ఇంటివారందరు చలికాలమున ఒకే గదిలో, ఒకే పొయ్యి చుట్టు ఉండెడివారు. పదిమందికి ఒక పొయ్యి చాలును. నేనొక్కడను ఒక పొయ్యిని మ్రింగుచుంటిని. పొయ్యిపై టీ మరుగుచుండగా స్త్రీలు రంగురంగుల ఉన్నితో మేజోళ్ళు అల్లెడివారు. పిల్లలు నాచేత లెక్కలు చెప్పించుకొనెడివారు. ఆ నెలలోనే వారి హల్డా పండుగ వచ్చెను. ఆ రాత్రి ప్రతి యింటివారును హిమాలయ జూనిపర్ చెట్టు పేళ్ళను కట్టగట్టి వెలిగించి, ఆ కాగడాలను మోసికొనిపోయి ఒకచోట కలిపి మండించిరి. మంచులో ఆ మంటను చూచుచు నేను మా ఊరి భోగిని తలంచుకొంటిని. ఎంతో దూరమున నున్న ఇరువురకును ఒకే నెలలో ఒకే కోరిక కలిగినది గదా యనిపించెను.

మరుసటి ఏడు జూన్ మాసములోనే కట్టెలు కొంటిని. వానిని చీల్చి, నేలతేమ తగులకుండ రాళ్ళపై నుంచి, నడుమ గాలి ఆడునట్లు పేర్చుట దాదాజీయే నేర్పెను. రెండు కట్టలు ఒకదానితో నొకటి తట్టినపుడు మొద్దుగా పలికినచో అవి పచ్చివి, ఖంగున మ్రోగినచో ఎండినవి. సెప్టెంబరులో నా కట్టెలు ఖంగుమన్ననాడు, పరీక్షలో ఉత్తీర్ణుడైన బాలునివలె సంతోషించితిని.

నాలుగేండ్ల తరువాత స్వస్థలమునకు బదిలీపై వచ్చితిని. ఆ పుష్యమాసమున మా చెల్లెలు పురిటికి వచ్చెను. అప్పటికి మా పాత పెంకుటింటి స్థానమున సిమెంటు డాబా వెలసెను. నేను కచేరి నుండి వచ్చుసరికి పురిటిగది కిటికీలన్నియు బిగించి, తలుపు మూసి యున్నవి. లోపల మంచము క్రింద కుంపటి రాజుచున్నది. చెల్లెలు తలనొప్పిగా నున్నదని మూలుగుచున్నది. పసిగుడ్డు కదలక పరుండియున్నాడు.

నా గుండె ఝల్లుమన్నది. కిటికీలు తెరచి, కుంపటిని ఎత్తి వసారాలోనికి తెచ్చితిని.

“ఒరే, ఒరే! బాలింతరాలికి గాలి తగులునురా! మీ నాన్నను, మీ అత్తలను ఈ కుంపటి వేడిమితోనే గదరా నేను పెంచినది!” అని నాయనమ్మ కేకలు వేసెను.

ఆమె ప్రక్కన కూర్చుండి లాహౌల్ రాత్రిని గూర్చి మొదటిసారిగా చెప్పితిని. అంతవరకు ఇంటిలో ఎవరికిని చెప్పలేదు. ఆమె నా చేయి పట్టుకొని వినెను. వినిన పిమ్మట కొంతసేపు మాటలాడక, క్రొత్త డాబా కప్పు వంక చూచెను.

“మన పెంకుటింటిలో పెంకుల సందులనుండి వెన్నెల కూడ పడెడిదిరా” అనెను. “ఆ యిల్లే ఊపిరి పీల్చెడిది. ఈ యింటికి ముక్కు లేదు.”

పిమ్మట ఆమెయే వసారాలోని కుంపటిపై రెండు ఇటుకలు వేడిచేసి, గుడ్డలు చుట్టి, మంచము క్రింద పెట్టుమని నాకందించెను. పురిటిగది కిటికీ రెక్క ఒకటి ఓరగా తెరచియే యుండెను. కొంతసేపటికి లోపల పసివాడు గుక్కపట్టి యేడ్చెను. ఆ యేడుపు విని ఇంటిల్లిపాదియు నవ్వితిమి.